పెదనాయన కారులో వేడిగాలి

కారు ఉన్నవాడికి దాని మీద ఉండే ప్రేమ కంటే, లేనివాళ్లకు దాని మీద ఉండే అనుమానమే ఎక్కువగా ఉన్న కాలం అది. నెల్లూరు దగ్గర మా విడవలూరు వైపు కారు చప్పుడు వినబడితే గేదెలు దానికి దూరంగానూ, జనం దాని వెంటనూ పరుగెత్తేవాళ్లు. కారు ఆగిపోయినప్పుడు నెట్టడానికి ఈ రెండో రకమే పనికొచ్చేది. అలాంటి రోజుల్లో మా పెదనాయన, నీలగిరి కొండల మీద తేయాకు తోట అమ్ముకుని సీమకు వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర, పాత ఇంగ్లీషు కారు ఒకటి కొన్నారు. దాని రంగు నలుపని ఆయన అనేవారు. మేము ఎదురు చెప్పేవాళ్లం కాదు. కారుతో పాటు, కొండచలికి వణికే దొరసాని కోసం పెట్టించిన యంత్రం కూడా ఒకటి ఊరికే వచ్చింది. అదే హీటరు. డ్యాష్‌బోర్డు కింద, ముందు సీట్లో కూర్చున్నవాళ్ల మోకాళ్లకు ఎదురుగా, బిందె మూతంత గుండ్రటి డబ్బా. ఇంజన్లో కాగిన నీళ్లు రబ్బరు గొట్టంలో నుంచి దాంట్లోకి వస్తాయి. వెనకాల చిన్న మోటారు, ఆ మోటారుకు రెక్కలు. మీట నొక్కితే రెక్కలు తిరిగి, ఆ వేడినంతా తెచ్చి మన మీద పోస్తాయి. నీలగిరిలో అది వరమే. రోహిణి కార్తెలో కాకులు కూడా నీడ కోసం ఒకదాని రెక్క కింద ఇంకొకటి దూరే మా ఊళ్లో దాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

పెదనాయనకు తెలుసు. ఆయన దాన్ని మర్యాద అనేవారు. మిగతా ఇళ్లలో చుట్టం వస్తే మజ్జిగ ఇచ్చేవాళ్లు, మా ఇంట్లో వేడిగాలి ఇచ్చేవాళ్లం. వచ్చినవాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, అద్దాలన్నీ ఎత్తి (గాలి బయటికి పోతే వృథా కదా!), ఊరు దాటిందాకా ఊదించి, చెమటతో తడిసిన ఆ మనిషిని మళ్లీ గుమ్మం ముందు దింపితే గానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. పెదనాయన కూతుర్ని, మా అక్కను, కావలి వాళ్లింట్లో ఇచ్చిన కొత్తలో, అక్క మామగారు నడివేసవిలో మా ఊరొచ్చి ఈ మర్యాదకు చిక్కారు. ఆయన భారీ మనిషి, పైగా పట్టుచొక్కా. నేను వెనక సీట్లో ఉండి కళ్లారా చూశాను.

"బావగారూ, ఇట్టాంటిది మీ కావలి మొత్తం మీద ఉండదు. ఎట్టా కొడతా ఉందో చూడండి!" అన్నారు పెదనాయన.

"కొడతా ఉంది బావగారూ," అన్నారాయన నీరసంగా. "కొడతానే ఉంది."

కాలువ వంతెన కనబడగానే ఆయన బండి ఆపించి, చెప్పులతో, పట్టుచొక్కాతో, చేతి గడియారంతో సహా కాలువలోకి దిగిపోయారు. మెడలోతు నీళ్లలో నిలబడి, ఒడ్డున ఉన్న మా పెదనాయనకు దణ్ణం పెట్టి, "బావగారూ, మీ ఇంటికి ఎన్నిసార్లయినా వస్తా. మీ కారులో మాత్రం ఈ జన్మలో కాలు పెట్టను," అన్నారు. (ఆయన దిగగానే కాలువ నీళ్లు చుయ్యిమన్నాయని నేను చాలాకాలం చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు వయసొచ్చింది కాబట్టి, కొంచెంగా మాత్రమే చుయ్యిమన్నాయని సవరిస్తున్నాను.) ఆ మాట పెదనాయన గుండెలో ముల్లులా దిగింది. వియ్యంకుడు తన కారెక్కడం లేదన్నంత దిగులు ఆయనకు చేను ఎండినా ఉండేది కాదు.

ఆ మరుసటి ఏడు ఒకరోజు, ఉన్నట్టుండి మోటారు 'గుర్రు'మని, 'కుయ్యి'మని, చివరికి ఏమీ అనకుండా ఆగిపోయింది. ఊరు పైకి సంతాపం చూపించి లోపల పండగ చేసుకుంది. అందరికంటే ఎక్కువ సంతోషించింది మా పెద్దమ్మ. కానీ ఆ సంతోషం కార్తీకం దాకానే నిలిచింది. పురిటికొచ్చిన అక్కకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గడియేమోగానీ, ఆ వెంటనే సముద్రంలో వాయుగుండం కూడా పుట్టింది. మా కోస్తాలో వాన కురవడం మొదలుపెడితే, ఆపడం ఎట్లాగో మరిచిపోతుంది. సూర్యుడు ఎట్లా ఉంటాడో పిల్లలకు బొమ్మ గీసి చూపించాల్సిన పరిస్థితి. పసిదానికి ఇవేమీ పట్టలేదు. అది వాయుగుండంతో పోటీపడి పొత్తిగుడ్డలు తడిపేది. వసారాలో, వంటింట్లో, ధాన్యపు కొట్లో, చివరికి గోడ మీది తాతల పటాలకు కూడా పొత్తిగుడ్డలే వేలాడేవి. ఒక్కటీ ఆరేది కాదు. పొయ్యి మీద ఆరబెడితే పొగవాసన, పొగకు పిల్లకు దగ్గు, దగ్గుకు అక్క ఏడుపు.

ఆ పూట పెద్దమ్మ, తడిగుడ్డ ఒకటి జెండాలా పట్టుకుని పెదనాయన ముందు నిలబడింది. "ఆ కారులో మీట నొక్కితే ఎండొస్తదంటివే! వచ్చినోళ్లందర్నీ ఉడకబెట్టింది చాల్లేదా? ఇంట్లో పసిబిడ్డకు కావాల్సొచ్చేతలికి నీ ఎండ యాడబోయె?"

పెదనాయన మీసం కిందికి దిగింది. ఆయన చూపు ఇల్లంతా తిరిగి, అరుగు మీద తీరిగ్గా కూర్చున్న నా మీద ఆగింది. అప్పటికి నేను స్కూలు ఫైనలు అయిందనిపించుకుని, చేసే పని లేక, ఆ కారు నడపడమే నా జన్మకు ధ్యేయమని తీర్మానించుకుని ఉన్నాను. ఆయన నన్ను స్టీరింగు ముట్టుకోనిచ్చేవారు కాదు. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. స్నానానికైనా విప్పేవారు కాదు.

"ఒరే అబ్బయ్యా," అన్నారు. "బారసాల లోపల ఆ మోటారు తిరిగిందా, ఈ తాళంచెవి నీ చేతిలో పెడతా. తిరగలేదా, బిట్రగుంటలో మీ మేనమామ హోటల్లో ఇడ్లీపిండి రుబ్బుకుంటా బతుకు."

మా మేనమామ హోటల్లో రుబ్బురోలు ఎంత ఉండేదంటే, దాని చుట్టూ తిరిగొచ్చేలోపు మళ్లీ ఆకలేసేది. ఆ రోలు కళ్ల ముందు కనబడగానే నాలో ఎక్కడలేని పట్టుదల పుట్టింది. తిరిగితే మోటారు తిరగాలి, లేకపోతే నేను రోట్లో పొత్రం తిప్పాలి. మోటారే తిరుగుతుందని అక్కడికక్కడే ప్రతిజ్ఞ చేశాను.

ఆ డబ్బా ఊడదీయడం ఎలా ఉంటుందో చెప్పాలి. తల బ్రేకు పెడలు కింద, నడుము సీటు అంచు మీద, కాళ్లు తలుపు బయట వానలో. ఆ భంగిమలో మనిషి ఉండాలని దేవుడు అనుకోలేదు, దొరలు అనుకున్నారు. ఒక్కో మర తుప్పు పట్టి, నేను విప్పుతుంటే నన్నే విప్పేట్టు చూసేది. మరలన్నీ జయించి, గొట్టం లాగాను. ఇంజన్ దగ్గర నీటి కుళాయి కట్టెయ్యాలన్న సంగతి, ఎర్రటి తుప్పు నీళ్లు చెంబెడు నా నోట్లోకి వచ్చాకే తట్టింది. చెంబెడని ఇప్పుడంటున్నాను, అప్పుడు బిందెడనే చెప్పాను. నన్ను చూసి పెద్దమ్మ "అయ్యో, నెత్తురు!" అని అరిచింది. "నెత్తురు కాదు పెద్దమ్మా, కారు కషాయం," అన్నాను వీరుడిలా. బయటికొచ్చిన మోటారు లోపల పొట్టు, నశ్యం, ఒక చచ్చిన బొద్దింక కుటుంబం తప్ప ఏమీ మిగల్లేదు, రాగితీగ అన్నది బూడిదైపోయింది. దాన్ని బాగుచేసే దారి లేదు, కొత్తది కావాలి.

నెల్లూరులో ఇట్లాంటి వస్తువు దొరికితే తుప్పు భాయ్ దగ్గరే దొరకాలి. ఆయన పాత ఇనుప సామాను వ్యాపారి. ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లకు కూడా గుర్తుండేదో లేదో. తన కొట్లో ఫలానాది లేదని ఆయన నోటి నుంచి విన్నవాడు లేడు. అది సరే, ఒకసారి అమ్మింది వెనక్కి తీసుకోగా చూసినవాడు కూడా లేడు. వరద రోడ్ల మీద బస్సులో బయలుదేరాను. సగం దూరం బస్సు మమ్మల్ని మోసింది, మిగతా సగం మేము దాన్ని నెట్టాం. భాయ్ నా చేతిలోని శవాన్ని చూసి, ముక్కు మూసుకుని, ఇనుప గుట్టలోకి మోచేతి దాకా చెయ్యిపెట్టి, ఒక మోటారు లాగాడు.

"యుద్ధంలో మిలిటరీ లారీలో తిరిగిన మోటారు అబ్బయ్యా ఇది. నీ కారుకి అచ్చు సరిపోతది. బర్మా దాకా పోయొచ్చింది. నీ విడవలూరు ఒక లెక్కా దీనికి?"

బర్మా వీరుణ్ని ఒళ్లో పెట్టుకుని ఊరు చేరాను. మళ్లీ తల కిందికి, కాళ్లు వానలోకి. రెక్కలు బిగించాను, రెండు తీగలు కలిపాను. బండి కొట్టం కింద ఇల్లంతా చేరింది. పెదనాయన స్వయంగా ముందు సీట్లో కూర్చుని, ఉత్తరీయం సర్దుకుని, ఇంజన్ వేడెక్కాక మీట నొక్కారు. మోటారు తిరిగింది! బ్రహ్మాండంగా తిరిగింది! అయితే గాలి ఆయన మీదికి రాలేదు, ఆయన ఉత్తరీయం గాలి మీదికి పోయింది. కొస డబ్బాలోకి దూరింది, దాని వెంట మిగతా ఉత్తరీయం, దాని వెంట ఆయన మెడ.

"ఒరే! ఊదమంటే పీలుస్తా ఉందేందిరా! పట్టుకోండ్రా నన్ను!"

ఆయన్ని విడిపించి చూస్తే, డబ్బా పైటకొంగు మింగిన మేకలా ఉంది. పెదనాయన మొలతాడు మీద తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకుని లోపలికి వెళ్లిపోయారు. పెద్దమ్మ మాత్రం, "బిట్రగుంటకి పొద్దున బండి ఎన్నింటికో కనుక్కుంటా," అంది.

నేను పొద్దున బండెక్కలేదు, నెల్లూరు బస్సెక్కాను. మోటారు విప్పి తెచ్చి తుప్పు భాయ్ ముందు పెట్టి, "ఇది వెనక్కి తిరగతా ఉంది భాయ్! వాపసు తీసుకో," అన్నాను.

భాయ్ గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "నా సరుకు వెనక్కి తిరగడమా! బర్మాలోనే వెనక్కి తిరగలా ఇది! మోటారు సరిగ్గానే ఉంది అబ్బయ్యా. మీ కారే తిరగబడి ఉంది."

"కారు తిరగబడ్డమేంది భాయ్? చక్రాలు కిందే ఉండాయి!"

"అదంతా నాకు తెల్దు. తప్పు నీ కారుది. పో, దాన్ని మందలించుకో."

వాపసు తీసుకోకుండా ఉండటానికి మనిషి ఎంత దూరం పోతాడో అనుకుంటూ, పళ్లు కొరుక్కుంటూ తిరుగు బస్సెక్కాను. దారంతా ఆ మాటే చెవిలో రొద పెట్టింది. ఇంటికి చేరగానే, భాయ్ మీద కోపంతోనే బానెట్ ఎత్తి చూశాను. బ్యాటరీ నుంచి కారు ఒంటికి బిగించిన లావు తీగ దగ్గర కూడిక గుర్తు ఉంది. అప్పటిదాకా నేను చూసిన లారీలన్నింటిలో అక్కడ తీసివేత గుర్తే ఉండేది. దొరలు ఆ కాలపు కార్లలో కరెంటును ఎదురు దారిన నడిపించారన్నమాట! మోటారు పాపం, వచ్చిన కరెంటును బట్టి నిజాయితీగా వెనక్కి తిరిగింది. అంటే, సరుకు అంటగట్టడానికి భాయ్ ఆడిన ఆ అబద్ధం, అచ్చమైన నిజం! కారు నిజంగానే తిరగబడి ఉంది.

మళ్లీ తల కిందికి, కాళ్లు వానలోకి. ఈసారి పై తీగ కిందికి, కింది తీగ పైకి కలిపాను. పెదనాయన ఇంజన్ వేసి, తాళంచెవి లాక్కుని దూరంగా వెళ్లిపోయారు (ఆ అరిగిన తాళంలో చెవి తీసినా ఇంజన్ ఆగేది కాదు, ఆయనకేమో ఉత్తరీయాలు ఇంక అట్టే మిగల్లేదు). పెద్దమ్మే తడి పొత్తిగుడ్డ ఒకటి డబ్బా ముందు పట్టుకుంది. మీట నొక్కాను. గుడ్డ ఒకసారి వణికి, పైకి లేచి, పెద్దమ్మ ముఖానికి అతుక్కుంది. ఆ గుడ్డ వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినబడింది: "వెచ్చగా ఉందిరా! ఒరే, వెచ్చగా ఉందిరా అబ్బయ్యా!"

అరగంటలో కారు నిండా తాళ్లు కట్టారు. అద్దం ముందు, సీట్ల మీద, స్టీరింగుకు కూడా పొత్తిగుడ్డలు. ప్రతిష్ఠ కోసం కొన్న కారుకు పట్టిన గతి చూడలేక పెదనాయన కొట్టం వైపు రావడమే మానేశారు. సరిగ్గా అప్పుడే, మనవరాలి బారసాలకు కావలి నుంచి బయలుదేరిన వియ్యంకుడు, రోడ్డు మీద బస్సు మొరాయిస్తే నడుచుకుంటూ, నిలువునా తడిసి, పళ్లు టకటకలాడిస్తూ వచ్చారు. వాన తప్పించుకోవడానికి ముందుగా కనబడిన కొట్టంలోకి దూరారు. లోపల వెచ్చగా వణుకుతున్న కారు. తలుపు తీసి, రెండు గుడ్డలు పక్కకు జరిపి కూర్చున్నారు. వెనకాలే గొడుగుతో పరుగెత్తుకొచ్చిన పెదనాయన, పొత్తిగుడ్డల మధ్య వియ్యంకుణ్ని చూసి సిగ్గుతో చచ్చిపోయి, "ఆపరా! ముందు దాన్ని ఆపరా!" అని నా మీద అరిచారు.

వియ్యంకుడు కళ్లు మూసుకునే చెయ్యెత్తారు. "ఆపబాకండి బావగారూ. మీకు పుణ్యముంటది. ఇంకాసేపు కొట్టనీండి."

పెదనాయన మీసం మెల్లగా పైకి లేచింది. ఆయన అవతలి తలుపు తీసి, తన బావగారి పక్కన, గుడ్డల కింద తల వంచుకుని కూర్చున్నారు. ఇద్దరూ అట్లా చాలాసేపు, ఎక్కడికీ పోకుండా, గొప్ప ప్రయాణం చేశారు. దిగేటప్పుడు ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, నా వైపు చూడకుండానే నా చేతిలో పెట్టారు.

అట్లా నేను కారు డ్రైవరునయ్యాను. పెదనాయన ఆడిన మాట తప్పలేదు, పెద్దమ్మ పెట్టిన షరతు మాత్రం ఒకటుంది: వానలు ఆగేదాకా కారు కొట్టం దాటకూడదు. ఆ వానాకాలమంతా నేను రోజూ ఇంజన్ వేసి, స్టీరింగు ముందు గుడ్డలు ఆరేదాకా కూర్చున్నాను. ఊరికే ఎందుకు కూర్చోవాలి? కోవూరు దగ్గర మలుపు తిప్పాను, పెన్న వంతెన మీద హారన్ కొట్టాను, గూడూరు దాటాక వేగం పెంచాను, మద్రాసు సముద్రపు ఒడ్డున బండి ఆపి దిగినట్టు కాలు చాపుకున్నాను. అంతా కొట్టంలోనే. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఈ సంగతి నలుగురిలో అనొద్దు మామయ్యా అంటుంది. (అనలేదమ్మా, అచ్చు వేయించాను.) నాకూ ఒక కారు ఉందిప్పుడు, హీటరు లేనిది. నిజమైన మద్రాసు రోడ్డు మీద పోతున్నప్పుడు వాన మొదలైతే, నా చెయ్యి తనంతట తానే డ్యాష్‌బోర్డు కిందికి పోయి లేని మీట కోసం వెతుకుతుంది. వెతికి, ఉత్తచేత్తో తిరిగొచ్చి, స్టీరింగు పట్టుకుంటుంది. ఎన్ని ఊళ్లు తిరిగినా, ఆ కొట్టంలో వెళ్లినంత దూరం మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు.