పిట్ట రెక్కల మీద వాన

మా చిన్నప్పుడు... అరవ దేశంలో, కోవిల్‌పట్టిలో మా ఇంటి వసారా నిండా నీలి కాగితాలే. అగ్గిపెట్టెల కార్ఖానా నుంచి పలచని చెక్క రేకులూ, నీలి కాగితమూ తెచ్చుకుని అమ్మా, అత్తా ఖాళీ పెట్టెలు అంటించేవారు. అంచులు కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ నావి...

వాటితో ఎన్ని మడిచేవాణ్ణో! చొక్కా, సిరాబుడ్డి, మొనకు కత్తి ఉండే ‘కత్తి కప్పల్’ ఓడ... అన్నిటికన్నా ఇష్టం బడిలో అయ్యవారు నేర్పిన పిట్ట. తోక లాగితే రెక్కలాడించేది. మా ఊళ్ళో ఓడలకు మునిగే భయం లేదు, నీళ్ళుంటే కదా! బీటలు వారిన నల్లరేగడి మీదే వాటిని వరసగా నిలబెట్టేవాణ్ణి.

ఇంట్లో నడిచే చట్టం మాత్రం అవ్వది... మా నాయన తల్లి. అక్షరాలున్న కాగితాన్ని మడవకూడదు. కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. అంగడి పొట్లం విప్పిన కాగితాన్ని కూడా అరచేత్తో సాపు చేసి చూరులో దోపేది.

“సరసోతి నడుము ఇరుస్తావా రా, అబ్బయా?” అనేది నా చేతిలో అచ్చు కాగితం కనబడితే.

నీలి కాగితం మీద అక్షరాలు లేవు గనుక మా ఇద్దరికీ గొడవ లేదు.

ఒక ఏడు ఆ కాగితం రావడం ఆగిపోయింది. పెట్టెలు ఇక కార్ఖానాలోనే అంటిస్తారట. వసారా బోసిపోయింది... నా వేళ్ళు మాత్రం ఊరుకోవు. ఆకులు మడిచాను, చిట్లిపోయాయి. అమ్మ కొంగు మడిచాను, చేతి మీద ఒకటి పడింది.

“నీకు వేరే వేలై లేదా రా, పనే లేదా?” అని అవ్వ నవ్వేది. పైన చూరు నిండా కాగితాలు... ఒక్కటీ ముట్టుకోకూడదు! ఇలాగే సాగితే నా చేతులు పిట్టను మరిచిపోతాయని దిగులు పట్టుకుంది.

వేసవిలో విరుదునగరం పోయాను, మామ ఇంటికి. మామకు అక్కడ మిరపకాయల మండీ ఉంది. గుంటూరు నుంచి వచ్చిన బస్తా విప్పుతుంటే ఒక పొట్లం కాగితం నా కాళ్ళ దగ్గర పడింది. దాని నిండా గుండ్రంగా, మెలికలు మెలికలుగా ఏవో గీతలు. అరవం కాదు... ఇంగ్లీషూ కాదు. నాకు తెలిసిన అక్షరాలు ఆ రెండు రకాలే. ఇంట్లో మేం మాట్లాడే తెలుగు నోటికే గానీ కాగితానికి కాదనుకునే రోజులవి. కనుక ఇవి అక్షరాలు కానే కావు, ముగ్గులు!

తుమ్ముతూ, తుమ్ముతూ ఒక పెద్ద పిట్టను మడిచి ఇంటికి తెచ్చాను.

“అచ్చరాలు లేవు కదా?” అంది అవ్వ.

“లేవవ్వా. అంతా ముగ్గులే.”

అవ్వ కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. “బాగుండాయిరా!” అని, రెక్క మీది ఒక మెలిక నేర్చుకుని, మర్నాడు పొద్దున్నే వాకిట్లో వేసింది కూడా. రోజూ అదే ముగ్గు...

కొన్నాళ్ళకు మామ మా ఇంటికి వస్తూ గుంటూరు మిరపకాయల వ్యాపారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన వాకిట్లోనే ఆగిపోయాడు.

“ఇదేమిటండీ మామ్మగారూ, ఇంటి ముందు ‘ఈ’ అని రాసుకున్నారు?”

“రాసేది ఏంది, సామీ? అది పిట్ట మింది ముగ్గు,” అంది అవ్వ.

నేను పిట్టను తెచ్చి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి పకపకా నవ్వాడు. “ముగ్గు కాదమ్మా, తెలుగు! ఇప్పుడు మీరూ నేనూ మాట్లాడుకుంటున్నదే. ఇదిగో... ‘వానలు’... మిగతాది మడతలో పోయింది.”

సరస్వతి నడుము విరిచింది నేనే. ఇక ఈ ఇంట్లో ఏ కాగితమూ నా చేతికి రాదు...

“ఇప్పు రా,” అంది అవ్వ.

విప్పాను. పిట్ట పోయింది, గీతలు పడిన కాగితం మిగిలింది. ఆయన చదివాడు: “ఈ వారము మన ప్రాంతమున మంచి వానలు కురిసినవి. చెరువులు నిండినవి.”

కాగితం మా ఇంటి మాట మాట్లాడింది!

“యాడ పడె వాన?” అంది అవ్వ ఆత్రంగా.

“మా గుంటూరు వైపండీ. పాత కాగితం... ఆ వాన ఎప్పుడో ఇంకిపోయి ఉంటుంది.”

“ఇంకితే ఇంకనీ, సామీ. పడె కదా!”

“గొడుగు తెద్దునా, అత్తా?” అన్నాడు మామ. అమ్మ నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

అవ్వ కాగితాన్ని కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది. “మడువు.”

“అచ్చరాలుండాయి కదవ్వా...”

“సదివినాక మడిస్తే నడుము ఇరగదులే. మాట బయటికి వచ్చేసె కదా.”

ఆ సాయంత్రం ఆయన ‘ఈ’ పక్కన మిగతా అక్షరాలు కొన్ని ముగ్గుపిండితోనే పెట్టి చూపించాడు. చూరులోని అరవ కాగితాలన్నీ నేను అవ్వకు చదివి వినిపించి, ఒక్కొక్కటే మడిచాను. పొట్లాల్లో వచ్చే తెలుగు కాగితాలను మామ పంపేవాడు. పిట్టల కోసమే తెలుగు చదవడం నేర్చుకున్నాను...

ఇప్పుడు విరుదునగరంలో మామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. చేతులు ఇంకా మడుస్తూనే ఉన్నాయి, ఇంకా తెలియని మాట కనబడితే పండగే. కాగితానికి మాత్రం అప్పటి కరువు లేదు. మండీలో ఎవరూ చదవకుండానే కట్టలు కట్టలు పొట్లాలైపోతుంటాయి... అది చూస్తే కాస్త దిగులేస్తుంది. సెలవులకు రైలు దిగి ఇంటికి పోతే, నా చేతిలో పిట్టను చూసి అవ్వ ఇప్పటికీ ఒకటే అడుగుతుంది: “సదివితివా?”

మీ చేతులు మొదట మడిచింది ఏమిటి... ఓడా, పిట్టా? గుర్తు చేసుకుని నాకూ రాయండి. ఈ కాగితాన్ని మడవాలనిపిస్తే మడిచేయండి... చదివేశారు కదా!