లౌడ్లీకి ఒక వాక్యం

మొన్న ఆదివారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు నా మనవరాలు నిత్య హోంవర్కు పుస్తకం పట్టుకుని, అప్పుడే చెక్కిన పెన్సిల్ వాసనతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"నానమ్మా, లౌడ్లీతోని ఒక సెంటెన్స్ చెప్పు."

"అంటే ఏందే?"

"గట్టిగ అని. నువ్వు ఫోన్ల మాట్లాడ్తవ్ గదా, గట్ల."

నాకు తెలుగు అక్షరాలు వచ్చిందే యాభై ఎనిమిదో ఏట. ఇంగ్లీషు రాదు. కానీ నా చిన్నతనమంతా ఆ మాటతోనే గడిచింది.

మెట్టుగూడలో మాది రేకుల ఇల్లు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఇంజన్ బాయిలర్లకు ఇనప రివెట్లు కొట్టీ కొట్టీ చెవులు పోగొట్టుకున్నాడు. ఎడమ చెవికి నోరు ఆనించి అరిస్తే కొంచెం వినపడేది, అదీ నా గొంతైతేనే. అందుకని నన్ను బడికి పంపలేదు. రేషన్ దుకాణానికీ, మంగలి దగ్గరికీ ఆయన వెంట నేనే. వానాకాలం రేకులు మోగుతుంటే బొగ్గు, నూనె, బీడీ కలగలిసి వాసనొచ్చే ఆ చెవిలోకి వంగి ఊళ్లో సంగతులన్నీ అరిచేదాన్ని. బోనాలకు డప్పులు గల్లీలోకి వస్తే ఆయన గోడకు అరచెయ్యి ఆనించి నవ్వేవాడు. నాకు గుసగుస చేతకాదని పిల్లలు దాగుడుమూతల్లో చేర్చుకునేవాళ్లు కాదు. పక్కింటి దేవదానం మామ నన్ను ఏడిపించేవాడు: "జెర మెల్లగ మాట్లాడు బిడ్డా ఎల్లూ, గంత దూరం అల్వాల్‌ల మా బామ్మర్ది ఉలిక్కిపడ్డడంట."

నా తొమ్మిదో ఏట ఎండాకాలంలో ఒక పొద్దున నాన్న లేవలేదు. "నీ గొంతైతే ఇంటడే, పిలువు" అంది అమ్మ. పిలిచాను. చెవి చల్లగా తగిలింది. మళ్లీ పిలిచాను. ఎన్నిసార్లో తెలియదు. దేవదానం మామ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇగ సాలు బిడ్డా" అన్నాడు, మెల్లగా. నేను ఏడవలేదు. ఆ చెవిలో అరిచే నా పని అయిపోయింది. ఇక నన్ను బడికి పంపొచ్చన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు, నాకు కూడా.

"చెప్పు నానమ్మా."

"మా నాయినను గట్టిగ పిల్సిన, అని రాయి."

రాసుకుంది. "పలికిండా మరి?"

"అది రాయకు. ఒక్క సెంటెన్సే అడిగిన్రు గదా."

ఆ రేకుల ఇంటి చోట ఇప్పుడు ఐదంతస్తులు లేచాయి. బోనాలకు పెట్టే సౌండ్ బాక్సులకు గోడలు అదురుతాయి. చెయ్యి ఆనించి చూసేవాళ్లు లేరు.

ఆ పొద్దున మంచం దగ్గర ఉన్నది మా అమ్మ పోచమ్మ, మేనత్త రాజవ్వ, దేవదానం మామ, నేను. మా నాన్న మల్లయ్య కూడా ఉన్నాడనుకునే పిలిచాను.