గిల్లితే వచ్చే నవ్వు

మా అమ్మమ్మని లాండ్రీలో అందరూ మడతమ్మ అనేవారు. హోటళ్ళ నుంచీ ఆస్పత్రుల నుంచీ మూటలుగా వచ్చే దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీ అది. వెనకగదిలో ఆవిరి కక్కే రోలరు నుంచి దుప్పటి వేడివేడిగా బయటికొస్తుంది. ఇద్దరు మనుషులు చెరో పక్క నిలబడి కొసలు పట్టుకుంటారు, బిగించి లాగుతారు, ఒకరికొకరు ఎదురు నడిచి కొసలు కలుపుతారు. పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు పిల్లలు పుట్టి, వాళ్ళు బడి ఎగ్గొట్టే వయసుకు వచ్చేదాకా అమ్మమ్మ చేసింది ఆ పనే.

కొసలు కలిపేటప్పుడు చేతులు తగులుతాయి. అమ్మమ్మకు అది గిట్టదు. ఎవరి వేలైనా తగిలితే, తగిలిన చోట సాయంత్రం దాకా ఏదో పాకుతున్నట్టే ఉండేది. అందుకని ఆమె జోడీ మనిషి ఒక ఉపాయం కనిపెట్టింది. మధ్యలో ఉన్న ఇనప కడ్డీ మీద తన కొసలు వేసి వెనక్కి తగ్గేది. అమ్మమ్మ వచ్చి అందుకునేది. కొత్తగా చూసేవాళ్ళకి ఇద్దరూ అలిగి మాటలు మానేసిన తోడికోడళ్ళలా కనిపించేవారు. నిజానికి ఆ జోడీ మనిషి నోరు మూతపడింది ఎవరూ చూడలేదు. ఆమె పేరే రేడియో. పొద్దున్న మొదలుపెడితే తన మోకాలి నొప్పి నుంచి పక్కింటివాళ్ళ కుక్క అజీర్తి దాకా అన్నీ చెప్పేది. అమ్మమ్మకు ఆ మాటలతో ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే వాటిలో ఒక్కదానికీ జవాబు అక్కర్లేదు.

ఇలా సుఖంగా ఉన్న మనిషికి ప్రమోషన్ ఇచ్చారు.

కొత్తగా వచ్చిన మేనేజరు కుర్రాడు మంచివాడే. మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కు. ఇంత పెద్దావిడ ఇంకా ఆవిరిలో నిలబడడం ఏమిటని జాలిపడి, అమ్మమ్మని ముందుగదిలో కౌంటరు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. బట్టలు తెచ్చేవాళ్ళని నవ్వుతూ పలకరించడం, రసీదు ఇవ్వడం, అంతే పని. ఇంట్లో అందరూ పొంగిపోయారు. అమ్మమ్మ మాత్రం సాయంత్రం రాగానే స్నానాలగదిలో దూరి, లైటు తీసేసి కూర్చోవడం మొదలుపెట్టింది.

కౌంటరు దగ్గర తలుపు తీసినప్పుడల్లా గంట మోగేది. ఆ మోత చెవిలోకి కాదు, పళ్ళలోకి దిగేది. నెత్తిమీద ట్యూబులైటు జుమ్మంటూ ఉండేది, అది తనకు తప్ప ఎవరికీ వినపడదనేవారు. పైగా వచ్చినవాళ్ళందరూ ఆమె కళ్ళలోకి చూసేవారు.

"ఈ మరక పోతుందామ్మా?" అని ఒకాయన చొక్కా చూపించాడు.

"పోదు."

"కాస్త గట్టిగా ప్రయత్నిస్తే?"

"చొక్కా పోతుంది."

ఇంకొకావిడ చిరునవ్వుతో వచ్చి, "నన్ను గుర్తుపట్టారా?" అంది.

"లేదు. మీ కర్టెన్లు గుర్తున్నాయి. కుడివైపు దానికి అంచు ఊడింది."

ఫిర్యాదులు వచ్చాయి. మేనేజరు పిలిచాడు. "ఆంటీ, కూర్చునే పని ఇచ్చాను. కాస్త నవ్వడానికి ఏం కష్టం?"

అమ్మమ్మ తను అతనికి ఏ వరసన ఆంటీ అవుతుందా అని ఆలోచించి, అది వదిలేసి, "ఎప్పుడు నవ్వాలి?" అని అడిగింది.

"కస్టమరు రాగానే."

"వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు కదా."

తనను వెనకగదికి పంపెయ్యమంది అమ్మమ్మ. అతను తల గోక్కున్నాడు. పైకి తెచ్చిన మనిషిని మళ్ళీ కిందికి పంపితే శిక్ష వేసినట్టు ఉంటుందనీ, పైవాళ్ళు ఒప్పుకోరనీ అన్నాడు. డాక్టరు ఏదైనా కారణం చూపిస్తే పంపుతాడట. లేకపోతే ఈ నెలాఖరు నుంచి ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవచ్చట. ఉద్యోగం ఊడిందని చెప్పడానికి అంత మెత్తటి మాట ఎక్కడ నేర్చుకున్నాడో మరి.

లాండ్రీకి వచ్చే డాక్టరు ముసలాయన. నడుం నొప్పులు తప్ప ఏమీ చూసి ఎరగడు అనుకునేవారు అందరూ. ఆయన అమ్మమ్మ చెప్పింది ఓపికగా విని, నాలుగు ప్రశ్నలు అడిగి, "మీకు ఆటిజం ఉందేమో అనిపిస్తోంది. తెలిసినవాళ్ళ దగ్గరికి పంపుతాను" అన్నాడు.

"అది పిల్లలకు వచ్చేది కదా?"

"ఆ పిల్లలు పెద్దవాళ్ళు అవరామ్మా?"

ఆ మాట నెమరేసుకుంటూ అమ్మమ్మ ఇంటిదాకా నడిచింది. పొగరు, మొండి, రాయి, ముంగి. పుట్టినప్పటి నుంచీ తన మీద పడ్డ పేర్లు ఇవి. వీటన్నిటికీ బదులు ఒకే పేరు ఉండే వీలుందని మొదటిసారి తెలిసింది. భయం వెయ్యలేదు. అది తనదో కాదో తేల్చుకోవాలనిపించింది, అంతే.

ఇక్కడ పెద్దమ్మమ్మ సంగతి చెప్పాలి. అమ్మమ్మకు సొంత అక్క, ఒకే ఇంట్లో ఉంటారు, పెత్తనమంతా ఆవిడదే. చిన్నప్పుడు చెల్లెలు చుట్టాల ముందు గుడ్లప్పగించి నిలబడుతుంటే చూడలేక, ఆవిడ ఒక సంకేత భాష తయారుచేసింది. పక్కన కూర్చుని మోచేతి పైన గిల్లితే నవ్వాలి. రెండుసార్లు గిల్లితే బాగున్నారా అనాలి. తిప్పి గిల్లితే నోరు ముయ్యాలి. బడిలో, పెళ్ళిలో, ఉద్యోగానికి వెళ్ళిన రోజు ఆఫీసు గదిలో, అమ్మమ్మ నవ్విన నవ్వులన్నీ ఆ గోళ్ళలోంచి వచ్చినవే.

పైగా డాక్టరు దగ్గరికి రోగం తుడుచుకుని వెళ్ళే వంశం ఇది. ఎవరికి జ్వరం వచ్చినా స్నానం చేయించి, తల దువ్వి, పౌడరు రాసి తీసుకెళ్తారు. డాక్టరు ఎలా ఉంది అంటే బాగానే ఉందండీ అనిపిస్తారు. మందు రాయకుండా పంపించేస్తే ఆ డాక్టరు ఉత్తవాడని దారంతా తిట్టుకుంటూ ఇంటికొస్తారు.

ఇప్పుడూ అదే జరిగింది. వారం పాటు ఇంట్లో తయారీ. పెద్దమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని డాక్టరు అయింది.

"కళ్ళలోకి చూడవే."

"చూస్తే మాట వినపడదక్కా."

"వినపడకపోతే మానె. తల ఊపు."

మా అమ్మ పక్కన నిలబడి, "కనుబొమల మధ్యలో చూడమ్మా, కళ్ళలోకి చూసినట్టే ఉంటుంది" అని మెళకువ చెప్పింది. అమ్మమ్మ నాకిది ఎందుకు అని అడగబోయింది. పెద్దమ్మమ్మ తిప్పి గిల్లింది.

ఆ రోజు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎదురుగా అక్కచెల్లెళ్ళు ఆనుకుని కూర్చున్నారు. చిన్నప్పుడు ఎలా ఉండేది అని డాక్టరమ్మ అడిగితే పెద్దమ్మమ్మ అందుకుంది. "బంగారుతల్లి అండీ. ఇంటికి ఎవరొచ్చినా ఎదురెళ్ళి పలకరించేది." ఎవరొచ్చినా మంచం కింద దూరిన పిల్ల నవ్వింది, ఎందుకంటే అప్పుడే గిల్లుడు పడింది. స్నేహితులున్నారా అంటే, బోలెడుమంది అంది పెద్దమ్మమ్మ. గిల్లుడు, నవ్వు. డాక్టరమ్మ నేరుగా అమ్మమ్మనే అడిగినప్పుడల్లా బాగానే ఉందండీ అని వచ్చింది జవాబు. కనుబొమల మధ్య చూసీ చూసీ అమ్మమ్మకు తల తిరిగిపోయింది.

"నాకు అలాంటి లక్షణాలేమీ కనిపించలేదు" అంది డాక్టరమ్మ చివరికి. "కాస్త మొహమాటం, కాస్త అలసట."

బయటికి రాగానే పెద్దమ్మమ్మ గెలిచి వచ్చినదానిలా నడిచింది. అమ్మమ్మ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక బండివాళ్ళు హారన్లు కొడుతున్నారు.

"నాకు ఏమీ లేదా?"

"లేదన్నారుగా. పద."

"ఏమీ లేకపోతే మరి ఇన్నాళ్ళూ నాది ఏంటి? పొగరేనా?"

"పొగరే అనుకో. పొగరుకి మందులు మింగక్కర్లేదు, అదీ లాభమే. నడు."

మర్నాడు మేనేజరు కూడా సంతోషించాడు. "ఏమీ లేదన్నారటగా ఆంటీ. ఇంక హాయిగా నవ్వండి." నెలాఖరు దగ్గరికొచ్చింది.

అమ్మమ్మకు కోపం నెమ్మదిగా వస్తుంది, కానీ వచ్చాక చుట్టపుచూపుగా వెళ్ళిపోదు. తిండి దగ్గర మాట లేదు. అక్క పిలిస్తే పలుకు లేదు. లోపల ఒకటే ఉడుకు: నా గురించి తేల్చే గదిలో నేను తప్ప అందరూ ఉన్నారు. నేను ఎలా ఉంటానో అడిగిన మనిషికి, నేను ఎలా కనపడాలో చూపించి వచ్చాం. ఇది దొంగతనం. నా దగ్గర నుంచి నన్నే ఎత్తుకుపోయారు.

ఒక మధ్యాహ్నం కౌంటరు వదిలేసి, తల దువ్వుకోకుండా, లాండ్రీ ఏప్రనుతోనే ఆస్పత్రికి వెళ్ళింది. ముందుగా చెప్పకుండా వచ్చారని ఒప్పుకోలేదు. అయితే కూర్చుంటాను అని కూర్చుంది. గది ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. మొండి అన్న పేరు ఒక్కసారి పనికొచ్చింది.

"మొన్న మీ దగ్గరికి వచ్చింది నేను కాదు" అంది డాక్టరమ్మతో.

డాక్టరమ్మ కంగారుపడింది. "మీరే కదండీ, మీ అక్కగారితో వచ్చారు."

"మనిషిని నేనే. నన్ను తయారుచేసి తెచ్చారు." అమ్మమ్మ జాకెట్టు చెయ్యి పైకి మడిచి చూపించింది. మోచేతి పైన నల్లగా కమిలిన మచ్చలు వరసగా ఉన్నాయి. "నేను నవ్వినవి ఇవి."

"ఎవరు చేశారు?"

"మా అక్క. చెడ్డది కాదు. చిన్నప్పటి నుంచీ ఇదే పని."

డాక్టరమ్మ మొన్నటి కాగితం పక్కన పెట్టింది. తర్వాత, "మీకు ఎలా కూర్చుంటే మాట్లాడడం తేలిక?" అని అడిగింది.

అలా ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అమ్మమ్మ ఆలోచించి, లేచి కుర్చీని గోడవైపు తిప్పుకుని, డాక్టరమ్మకు వీపు పెట్టి కూర్చుంది. మూలనున్న బీరువాతో మాట్లాడింది. మంచం కింద దాక్కోవడం చెప్పింది, గంట మోత చెప్పింది, ఇనప కడ్డీ చెప్పింది. ఒక్క పలకరింపు కోసం ముందు రోజే మాటలు కూర్చుకోవడం, అది అయ్యాక జ్వరం వచ్చినట్టు పడుకోవడం చెప్పింది. వెనక నుంచి కాగితం మీద కలం చప్పుడు తప్ప ఏమీ లేదు.

నెలాఖరులోపే ఇంకో రెండుసార్లు రమ్మంది డాక్టరమ్మ. చాలా కాలంగా మిమ్మల్ని చూస్తున్న మనిషిని ఎవరినైనా తీసుకురండి అంది. అమ్మమ్మ రేడియోని తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఒక్కటే ప్రశ్న అడిగింది. రెండోది అడిగే సందు దొరకలేదు.

"మా వదిన సంగతా డాక్టరు గారూ," అని మొదలుపెట్టింది రేడియో. అమ్మమ్మని ఆమె వదిన అనే పిలిచేది. ఎవరైనా చెప్పకుండా టేబులు జరిపితే వదిన ఆ రోజంతా అన్నం ముట్టదనీ, తన కొడుకు చనిపోయినప్పుడు వదిన పలకరించడానికి వచ్చి ఒక్క మాట కూడా అనకుండా ఇంట్లో ఉన్న బట్టలన్నీ మడతపెట్టి వెళ్ళిందనీ చెప్పింది. "అందరూ ఆవిడకి గుండె లేదన్నారండీ. వచ్చి ఏడ్చినవాళ్ళు చాలామంది. నా బట్టలు ఎవరు మడిచారు?" ఆ ఒక్క చోటే రేడియో ఆగింది. మళ్ళీ వెంటనే మోకాలి నొప్పిలోకి వెళ్ళిపోయింది.

చివరికి డాక్టరమ్మ చెప్పింది. అవును, ఆటిజమే.

అమ్మమ్మ ఏడవలేదు. "ఎప్పటి నుంచి?" అంది.

"పుట్టినప్పటి నుంచే."

"అయితే టీచరు నన్ను బల్ల ఎక్కించి, నా కళ్ళలోకి చూసేదాకా దిగకు అన్నప్పుడు కూడా?"

"అవునమ్మా."

"మా ఆయన నన్ను రాయి అన్నప్పుడు?"

"అవును."

"మరి వాళ్ళకి ఎవరు చెప్తారు?"

టీచరు లేదు, తాత లేడు. కోప్పడాల్సిన వాళ్ళలో సగం మంది చచ్చి తప్పించుకున్నారు. మిగిలింది ఒక్క అక్క.

ఆ అక్కకి ఇంటికొచ్చి చెప్పేసింది. పెద్దమ్మమ్మ కూర తరుగుతున్న చాకు పక్కన పెట్టింది.

"ఎవరితోనూ అనకు. పిచ్చిదంటారు."

"రాయి అన్నప్పుడు బాగుందా?"

"నీకోసమే కదే చేసింది. నేను లేకపోతే నీకు ఆ ఉద్యోగం వచ్చేదా? ఎవరైనా నిన్ను బతకనిచ్చేవాళ్ళా?"

అమ్మమ్మ అబద్ధం ఆడలేదు, ఆమెకు చేతకాదు. "ఇచ్చేవాళ్ళు కాదేమో" అంది. "అయినా నీ మీద కోపంగానే ఉంది."

"ఎందుకే మరి?"

"నవ్వమన్నప్పుడల్లా నవ్వాను. ఒక్కసారైనా నీకు ఏం కావాలే అని అడిగావా?"

"నువ్వు చెప్పొచ్చుగా."

"చెప్పబోతే తిప్పి గిల్లేదానివి."

పెద్దమ్మమ్మ మళ్ళీ చాకు తీసుకుంది కానీ తరగలేదు. "నాకూ పదేళ్ళేనే అప్పుడు" అంది. అమ్మమ్మ ఆ మాట విన్నది. విని, అది నిజమేనని ఒప్పుకుంది. కోపం మాత్రం తగ్గించలేదు. ఆ రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆమె లెక్క.

నెలాఖరుకి, డాక్టరమ్మ ఇచ్చిన కాగితం చూసి మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. కానీ మంచివాడు కదా, ఊరుకోలేకపోయాడు. వెనకగదికి స్వయంగా వెంటబెట్టుకు వచ్చి, మిషన్లు ఆపించి, అందరినీ చుట్టూ నిలబెట్టాడు. "ఆంటీకి ఆటిజం ఉందని తెలిసింది. ఇక నుంచి అందరూ ఆవిడతో నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో మాట్లాడాలి" అన్నాడు. ఆ తర్వాత ఆమె వైపు వంగి, ఒక్కొక్క మాటే విడదీసి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు, "మీకు, ఇక్కడ, బాగుందా?" అని అడిగాడు.

గదిలో ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. రేడియో నోరు తెరవబోతే, అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఇన్నాళ్ళలో ఆమె రేడియోని ఆపడం అదే మొదలు.

"నాకు చెవులు బాగానే వినిపిస్తాయి" అంది మేనేజరుతో, అతని చొక్కా గుండీ వైపు చూస్తూ. "బుర్ర కూడా ఉంది. నేను అడిగింది ఈ చోటు ఒక్కటే. నా సంగతి ఎవరికి చెప్పాలో నన్ను అడిగి ఉండాల్సింది. మీరు అడగలేదు. అది తప్పు."

మేనేజరు మొహం ఎర్రబడింది. "సారీ ఆంటీ" అన్నాడు, ఈసారి మామూలు వేగంతో.

"సరే" అంది అమ్మమ్మ. "ఇంక మిషన్లు వేయించండి. దుప్పట్లు ఆరిపోతే ఇస్త్రీకి లొంగవు."

అతను వెళ్ళాక రేడియో గట్టిగా ఊపిరి వదిలి, మిషన్లు ఆపినప్పుడు ఆగిపోయిన చోటు నుంచి కుక్క అజీర్తి కథ అందుకుంది.