బకెట్లో పదో గుడ్డ

నాకు అనుమానం ఎక్కువని ఆపరేషన్ థియేటర్లో అందరూ అంటారు. అంటే అననీ. ముప్పై ఏళ్లుగా మదనపల్లెలోని ఈ చిన్న ఆస్పత్రిలో ఆపరేషన్లకు నిలబడుతున్నాను. కడుపు కుట్టేముందు, నెత్తురు అద్దిన గాజుగుడ్డలన్నీ లెక్కపెట్టి, సరిపోయిందని సంతకం పెట్టేది ఈ అన్నమ్మే. ఒక్కరోజూ లెక్క తప్పలేదని పేరు.

అందుకే నర్సింగ్ చదివే ప్రసన్నలక్ష్మి మొదటిసారి ఆపరేషన్ చూడడానికి వచ్చిన రోజే నాకు నచ్చలేదు. రామకుప్పం పిల్ల. ఆ రోజు గర్భసంచి తీయించుకోబోయే వరలక్ష్మిదీ ఆ పక్కే, గుడుపల్లె. వరలక్ష్మి తల్లి గంగులమ్మ మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూస్తోంది. "గర్బసంచే తీస్తారా, కిడ్నీ గూడా తీసేస్తారా?" అని మొహం మీదే అడిగింది. పొద్దున ఆమె, ఈ పిల్ల గుసగుసలాడుకోవడం నేను చూశాను. ముసలామె ఈ పిల్లను లోపల నిఘాకు పెట్టిందేమో అనుకున్నాను.

"వరలక్ష్మి ఒంటిమీద తాడు, తాయెత్తు అన్నీ తీసేసినావా?" అని పిల్లను అడిగాను.

"తీసేసినా సిస్టర్," అంది. చూపు మాత్రం నేల మీదే.

ఆపరేషన్ మొదలైంది. కొత్తగా చూసేవాళ్లు కోత చూసి కళ్లు తిరిగి పడతారు. ఇది పడలేదు. అసలు కోత వైపు చూస్తే కదా! నెత్తుటి గుడ్డలు వేసే బకెట్ వైపే చూస్తూ నిలబడింది. ఏం దాచిందో మహాతల్లి అని నాకు ఒళ్లు మండింది.

డాక్టరమ్మ కుట్టబోతుంటే పటకారుతో గుడ్డలు ఒక్కొక్కటే ఎత్తి లెక్కపెట్టాను. ఇచ్చినవి పది, వచ్చినవి పది.

"సరిపోయింది డాక్టరమ్మా."

"లేదు సిస్టర్!" ప్రసన్నలక్ష్మి అడ్డొచ్చింది. "దాంట్లో ఒకటి గాజుగుడ్డ కాదు. గంగమ్మ అమ్మోరికి మొక్కుకోని వాళ్లమ్మ వరలక్ష్మి చేతికి కట్టిన గుడ్డ. తీస్తే అమ్మోరికి కోపమొస్తాదని నేనే వదిలేసినా. మత్తు డాక్టరు సూదికి అడ్డమని కత్తిరించి బకెట్లో ఏసేసినాడు."

"నోరు మూసుకో!" అన్నాను. అన్నానే గానీ పటకారు అందుకున్నాను. గుడ్డలు మళ్లీ ఒక్కొక్కటే విప్పాను. పదోది పాత పంచె పీలిక. దాని మీది కుంకుమను నేను నెత్తురనుకున్నాను. అంటే ఒక గాజుగుడ్డ వరలక్ష్మి కడుపులోనే ఉంది. ప్రభువా!

డాక్టరమ్మ వెతికి, పేగుల వెనక నుంచి దాన్ని బయటికి తీసింది. తర్వాత పిల్ల వైపు తిరిగి, "రేపటి నుంచి నువ్వు రావద్దు," అంది. పదికి పది అన్నది నేనే. అయినా నేను కిక్కురుమనలేదు. ముప్పై ఏళ్ల మంచి పేరు నా నోరు కట్టేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

బయట గంగులమ్మ ఎదురొచ్చింది. "నా బిడ్డ ఎట్లుండాది?"

"బాగుండాది అవ్వా," అంది ప్రసన్నలక్ష్మి. మొక్కుగుడ్డ లెక్కలో కలిసిపోయిందనీ, అసలు గుడ్డ కడుపులో ఉండిపోయిందనీ, దాన్ని తీసేశారనీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "తప్పు నాదే," అంది. నా పేరు మాత్రం ఎత్తలేదు.

ముసలామె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "యాల తప్పంతా ఈ సిన్నపిల్ల మీద ఏస్తాండారు? లెక్కపెట్టింది ఎవురమ్మా?"

డాక్టరమ్మ నా వెనకే నిలబడి ఉంది.

"నేనే," అన్నాను. "తప్పు లెక్క పెట్టింది నేనే అవ్వా."