తడి తగలకుండా పెంచిన పడవ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదైనా ఉంటే, నాకేమీ తెలియదన్న సంగతి ఒక్కటే. సత్యవేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం. జీతం కన్నా మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద మోజెక్కువ. (ఆ కార్డు వేసుకునే తిరుచానూరులో ఒక పెళ్లికి వెళ్లొచ్చాను. అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.) మా మేనేజరుగారు కేరళ మనిషి. తడ దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చిన్న చెక్క పడవ పెట్టుకుని, ఆదివారాలు దానికి తెరచాప కట్టి తిరిగేవారట. చాలాకాలంగా వాడక అది అక్కడి కంపెనీ గెస్ట్‌హౌస్ వెనక బోర్లా పడి ఉండేది. ఆయన బదిలీ మీద వెళ్తూ, "ఎవరికైనా కావాలా?" అని అడిగారు. తెలివైన వాళ్లంతా తమ చెప్పుల వైపు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను. నాకు ఈత రాదు. మా వంశంలో ఎవరికీ రాదు. మా వాళ్లకు నీళ్లంటే బోరులో పడాల్సినవి, ట్యాంకరులో రావాల్సినవి, అంతే.

మామిడికాయలు దించేసి ఖాళీగా వస్తున్న మినీ లారీలో పడవను ఎక్కించుకుని తిరుపతి తెచ్చాను. మా సందులోకి అది వస్తుంటే ఎదురింటి అక్క గేటు దగ్గరే నిలబడిపోయింది. "ఏందప్పా, వానొస్తే మన సందు మునిగేది నిజమే గానీ, దానికని పడవే తెచ్చేస్తావా?" అంది. అమ్మ దాని పొడవు చూసి, "నేను బట్టలు యాడ ఆరేసుకునేది?" అని మాత్రం అడిగింది. నాయన కుర్చీలోంచి లేవనే లేదు.

నాయన సంగతి చెప్పాలి. జీవితమంతా కొండ మీదికి ఘాట్ రోడ్డులో బస్సు నడిపిన మనిషి. చూపు కాస్త మందగించిందని స్టీరింగు దగ్గరనుంచి దించి డిపోలో కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చోలేక ముందుగానే ఉద్యోగం మానుకుని వచ్చేశాడు. అప్పటినుంచీ వరండాలో కూర్చుని, మెయిన్ రోడ్డు మీద పోయే బస్సుల చప్పుడు వినడమే పని. "గేరు తొందరపడి మార్సినాడు, యెదవ," అనేవాడు అప్పుడప్పుడూ. రోజంతటికీ ఆయన నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే. ఆయన కోసమే పడవ తెచ్చానని ఇప్పుడు చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, ఆ ఆలోచనే నాకు లేదు. నేను తెచ్చింది ఆఫీసులో పోజు కొట్టడానికి.

ఒక సాయంత్రం నాయన లేచి వచ్చి పడవ చుట్టూ తిరిగాడు. "దీనికి స్టీరింగు యాడుండాదిరా?" అన్నాడు. వెనక చుక్కానికి బిగించిన కర్రను చూపించి, "ఇదే నాయనా. కుడికి పోవాలంటే దీన్ని ఎడమకు తొయ్యాల," అన్నాను, పుట్టిందగ్గర్నుంచీ పడవలోనే పెరిగినట్టు. (ముందురోజే ఫోన్లో వీడియో చూశాను.) "తిక్క యవ్వారంగా ఉండాదే," అన్నాడు గానీ, ఆ కర్ర మీద వేసిన చెయ్యి మాత్రం చాలాసేపు తియ్యలేదు.

మరునాటినుంచే పని మొదలైంది. పాత రంగు గీకింది నాయన, పుచ్చిన పలక మార్పించింది నాయన, చినిగిన తెరచాప కుట్టించింది నాయన. ముందు భాగాన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీసి, పక్కన బస్సుకున్నట్టే ఒక అద్దం కూడా బిగించాడు. పడవకు అద్దమెందుకని నేను విసుక్కుంటే, "ఎనకాల ఏమొస్తా ఉండాదో సూసుకోవద్దా?" అని నన్నే అయోమయంగా చూశాడు. నా వంతు పర్యవేక్షణ. దాంట్లో నేను పెట్టిన నియమం ఒక్కటే: పడవకు చుక్క నీరు తగలకూడదు. తలుపులు, మంచాలు చూసి పెరిగిన వాణ్ణి, చెక్కకు తడి చేటని నాకు గట్టి నమ్మకం. వేసవంతా దాన్ని మండుటెండలో ఆరబెట్టాను. మధ్యాహ్నాలు చెక్క టపటపమంటుంటే, "గట్టిపడుతోంది," అని అందరికీ వివరించాను. పలకల మధ్య సందులు కనిపిస్తే గోడలకు పూసే పుట్టీ కూరాను. ఒకరోజు అకాల వర్షం వస్తే టార్పాలిన్ తీసుకుని పడవ మీదికి ఉరికాను. మిద్దె మీద అమ్మ వడియాలు గంజి అయిపోయాయి. "తడవకుండా పడవను కాపాడేవాణ్ణి నిన్నే సూస్తా ఉండా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ మాటైనా నా బుర్రకెక్కలేదు.

పడవను మళ్లీ లారీ ఎక్కించి పులికాట్ ఒడ్డుకు చేర్చి, ఆఫీసువాళ్లందరినీ అక్కడికి పిలిచాను. కొత్త బండికి చేసినట్టే పూజ చేశాం. చక్రాలు లేవు కదా, నిమ్మకాయలెక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చయింది. నాయన ఇస్త్రీ చేసిన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. దాన్ని దాచుకున్నాడని నాకు తెలియనే తెలియదు. కర్ర పట్టుకుని ఆయన కూర్చున్నాక పడవను తోశాం. నీళ్లు ఒక్కచోటనుంచి కాదు, అన్ని చోట్లనుంచీ వచ్చాయి. పుట్టీ పెచ్చులు పెచ్చులుగా పైకి తేలింది. మోకాలి లోతులోనే పడవ మెల్లగా అడుక్కి కూర్చుంది, దాంట్లో నడుములోతు నీళ్లలో నాయన, చేతిలో కర్ర అలాగే. ఒక్కరూ నవ్వలేదు. నవ్వుంటే తట్టుకునేవాణ్ణి. "బ్రేక్‌డౌన్," అని లేచి వచ్చి, నాయన మేమొచ్చిన అద్దె కారులో కూర్చున్నాడు. ఇంటికొచ్చేదాకా దారిలో ఒక్క డ్రైవర్ని కూడా తిట్టలేదు. నాకు భయం వేసింది.

నీళ్లు నిండిన పడవను కదిలించలేక అక్కడే వదిలేశాం. పై ఆదివారం అమ్మే, "ఆ కట్టెలన్నా తెచ్చి పడెయ్యండి, నీళ్లు కాగబెట్టుకోడానికి పనికొస్తాయి," అని మా ఇద్దర్నీ తరిమింది. బరువు తగ్గితే ఎత్తొచ్చని నేను బకెట్‌తో నీళ్లు తోడడం మొదలుపెట్టాను. తోడేకొద్దీ పడవ పైకి లేచింది. లేచి, అలాగే నిలబడింది. మళ్లీ నీళ్లు వస్తాయేమోనని కాచుకున్నాం. అక్కడక్కడా కాస్త చెమ్మ తప్ప ఏమీ రాలేదు. నాయన వంగి పలకల సందులు తడిమాడు. గోరు కూడా దూరనంతగా బిగిసిపోయి ఉన్నాయి.

"ఒరే, బండిచక్రం రా ఇది!" అని అరిచాడు. "ఎండాకాలంలో ఇనప పట్టా ఊడిపోతాదని మా నాయన చక్రాల్ని గుంటలో నానేసేవాడు. చెక్క నీళ్లు తాగితే ఉబ్బి బిగుసుకుంటాది. బస్సెక్కినాక అదంతా మర్సేపోయినాను సూడు!"

కర్రను కళ్లకద్దుకుని, "ఎక్కు," అన్నాడు. తెరచాప ఎత్తాం. ముందు కాస్త అటూఇటూ తిప్పాడు. చాప కింది దూలం వచ్చి నా తల మీద మోగింది. తర్వాత గాలి అందింది. "ఒంపొస్తా ఉండాది, పట్టుకో!" అని అరుస్తున్నాడు, ఎటు చూసినా చదునుగా ఉన్న ఆ నీటి మీద. "ఎదురుబండే రాని రోడ్డురా ఇది! ఇన్నేళ్లు యాడుండిందిరా ఇది!" ఒడ్డుకొచ్చాక దిగి, చొక్కా సర్దుకుని, చాలా మామూలుగా అడిగాడు: "మళ్లా డ్యూటీ ఎప్పుడురా?" నేను పడవ కడుతున్నట్టు నటిస్తూ అటు తిరిగిపోయాను.

ఆ పడవ ఇప్పటికీ నీళ్లలోనే ఉంటుంది. రంగు వెయ్యడానికి ఒడ్డుకు లాగినప్పుడు దాని మీద తడి గోనెసంచులు కప్పేది నేనే. మొదటిసారి తెరచాప ఎత్తిన ఆ రోజు ఒడ్డునున్న ఎవరో తీసి పంపిన ఫోటో ఒకటి నా దగ్గరుంది. నాయన నిటారుగా కూర్చుని దూరంగా చూస్తున్నాడు. నేను ఆయన కాళ్ల దగ్గర బకెట్ పట్టుకుని, నెత్తిన బొప్పితో, తడిసిన కోడిలా ముడుచుకుని ఉన్నాను. పోజు కొడదామని పడవ తెచ్చుకున్న ఆ కుర్రాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. కానీ అంత సంతోషంగా నేను మరే ఫోటోలోనూ లేను.