చేట చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఆట పట్టించడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు. చింత చెట్టు కింద ఏదో కనబడిందని ఎవరైనా అంటే, "అది నిన్ను చూసి జడుసుకుని ఉంటుందిలే" అనేదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

నరసరావుపేట దగ్గర ఒక జిన్నింగు మిల్లు ఆఫీసులో చాలా ఏళ్ళు పని చేశాను. నా కుర్చీ వెనక గోడ, గోడ వెనక పత్తి మిషన్లు. ఉద్యోగం మానేశాను గానీ మోత నాతోనే ఇంటికొచ్చింది. చెవుల్లో పగలూ రాత్రీ కీచురాళ్ళు అరుస్తున్నట్టు ఒకటే రొద. చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత ఎక్కువ.

చెవుల డాక్టరు దీనికి మందు లేదన్నాడు. ఫోనులో ఒక యాప్ వేయించి, పడుకునేటప్పుడు ఏదో ఒక మెత్తటి చప్పుడు పెట్టుకోమన్నాడు. మెదడు దాని మీదికి మళ్ళి రొదను పట్టించుకోవడం మానేస్తుందట. యాప్ నిండా సముద్రపు అలలు, జలపాతాలు, ఏవో పేరు తెలియని పిట్టలు. అలలు వింటే నిద్ర రాకపోగా ఊరుగాని ఊళ్ళో పడుకున్నట్టు ఉండేది.

ఒకసారి నకరికల్లులో మా అన్నయ్య ఇంటికి వెళ్ళాను. అమ్మ వసారాలో కందులు చెరుగుతోంది. సర్రు సర్రుమని ఆ చేట చప్పుడు వింటూ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి గమనించాను, చెవిలో రొద లేదు! ఎన్నాళ్ళకో ప్రాణం హాయిగా ఉంది. మన సొంత చప్పుళ్ళు కూడా ఆ యాప్‌లో పెట్టుకోవచ్చు. వెంటనే ఫోను అమ్మ పక్కన పెట్టాను.

అయితే అమ్మ నోరు ఊరుకునేది కాదు. చెరుగుతున్నంతసేపూ ఎవరి పెళ్ళో, ఎవరి గేదె ఈనిందో చెబుతూనే ఉండేది. యాప్ అదే చప్పుడు తిప్పి తిప్పి వినిపిస్తుంది. మధ్యలో మాట పడితే ఆ మాటే రాత్రంతా వస్తుంది, నిద్ర పాడవుతుంది.

"కాసేపు మాట్లాడకమ్మా" అన్నాను.

"నోరు ఆడకపోతే నాకు చెయ్యి ఆడదే" అంది.

అయినా నా కోసం ఊరుకుంది. మధ్యలో ఒకసారి ఏదో గుర్తొచ్చి నోరు తెరిచింది. నేను వేలు పెదాల మీద పెట్టి "ష్" అన్నాను. చిన్నపిల్లలా చేత్తో నోరు మూసుకుని నవ్వింది. అంతా అయ్యాక ఏంది చెప్పబోయావని అడిగితే, "ఏమో అమ్మాయ్, మర్చిపోయా" అంది.

ఆ చప్పుడు నాకు బ్రహ్మాండంగా పని చేసింది. రోజూ అదే పెట్టుకుని పడుకునేదాన్ని. ఎక్కడ కుక్క మొరుగుతుందో, ఎక్కడ బస్సు హారన్ వినబడుతుందో నాకు కంఠతా వచ్చేసింది. నా "ష్" తప్ప అందులో మాట మాత్రం ఒక్కటీ లేదు.

కొన్ని నెలలకు అమ్మ గుండె ఆగి పోయింది. ఆమెది బటన్ ఫోను. పెళ్ళి వీడియోల్లో కనబడుతుంది గానీ, ఆమె మాట్లాడుతుంటే పైన సన్నాయి మోగుతుంటుంది. వెతికి వెతికి చూసుకుంటే మాకు ఆమె గొంతే మిగల్లేదు. నా దగ్గర ఉన్నది చేట చప్పుడు. గొంతు పడకుండా జాగ్రత్తపడి మరీ తీసుకున్నాను కదా! ఏడుపొచ్చేది.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు మళ్ళీ నకరికల్లు వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే చెవుల్లో రొద లేచింది. మంచం మీద పడుకుని ఫోనులో చేట చప్పుడు పెట్టాను. మా వదిన పక్కనే వంటింట్లో దొండకాయలు తరుగుతోంది. తను మా మేనమామ కూతురే, అమ్మను చిన్నప్పటి నుంచీ అత్తా అనే పిలిచేది.

చేట ఆగింది. ఎప్పుడూ ఆగని చోట ఆగింది.

"అయిందా అమ్మాయ్? ఇంక మాట్లాడొచ్చా?"

అమ్మ గొంతే. వంటింట్లోంచి వదిన, తల కూడా ఎత్తకుండానే కాబోలు, "మాట్లాడు అత్తా, నిన్నెవరొద్దన్నారు?" అంది. మరుక్షణం కత్తిపీట దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. తరుగుతున్న దొండకాయ ఇంకా చేతిలోనే ఉంది. "వదినా, ఇప్పుడు అత్త..." అని మొదలుపెట్టింది.

ఇంకో మాట వస్తుందేమోనని నా ప్రాణమంతా ఫోను మీదే ఉంది. వదిన మాటలో అది ఎక్కడ కలిసిపోతుందోనని, వేలు పెదాల మీద పెట్టి "ష్" అన్నాను.

ఫోనులో చేట మళ్ళీ మొదలైంది.

సాయంత్రం అన్నయ్య పొలం నుంచి వచ్చాక ముగ్గురం మొదటి నుంచి చివరి దాకా విన్నాం. కుక్క ఉంది, బస్సు ఉంది, మాట లేదు. "మీ ఇద్దరికీ చానా బెంగగా ఉంది, ఇంక పడుకోండి" అన్నాడు అన్నయ్య. తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

డాక్టరుకు చెప్పాను. రొద ఉన్న చెవులు ఒక్కోసారి చప్పుడులోంచి మాటలు అల్లుకుంటాయమ్మా అన్నాడు. మరి మా వదిన చెవులకేం రోగమండీ అంటే, చీటీ మీద నిద్రమాత్ర రాసిచ్చాడు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమని మాత్రం అనలేను, మా అమ్మను ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. రోజూ ఆ చప్పుడు పెట్టుకుని, మాట్లాడమ్మా, ఎంతసేపైనా మాట్లాడు అని బతిమాలుతూనే ఉన్నాను. చేట ఆగడం లేదు.

నేను ఊరుకోమన్నది వదినను. ఆ సంగతి అమ్మకు ఎలా చెప్పేది?