ఏది ఉంచాలో తెలిసిన బోర్డు

బస్సులన్నీ ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్లతో నిండిపోతున్న రోజులవి. ఇబ్రహీంపట్నం బస్టాండులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో, చున్నీలో చుట్టిన పచ్చటి సర్క్యూట్ బోర్డు ఉంది. శేరిగూడ కాలేజీలో పాఠాలు చెబుతుందట.

"గింత భద్రంగ పట్టుకున్నవ్, గిదేం చేస్తది చెల్లె?" అని అడిగాను.

"భూమి లోపల, గనిల ఒక యంత్రం ఉంటదక్కా. ఇంతవరకు ఎవ్వరికీ దొరకని రేణువు దాన్ని తాకితే చిన్న మెరుపొస్తది. ఉత్త మెరుపులైతే వేలకు వేలొస్తయి. ఏది ఉంచాల్నో, ఏది పారెయ్యాల్నో ఈ బోర్డు రెప్పకొట్టే లోపే తేలుస్తది."

"పారేసింది మళ్లొస్తదా?"

"రాదక్కా. పోతే పోయినట్టే."

నాకు ఆ బోర్డు మీద పట్టరాని అసూయ పుట్టింది. పెళ్లయిన కొత్తలో నా తోటికోడలు "నీ పప్పు కుడితిల పోసినా బర్రె తాగది" అన్న మాట, ఆ రోజు ఆమె కట్టుకున్న చీర అంచుతో సహా ఇరవై ఏళ్లుగా గుర్తుంది. తర్వాత అన్నవీ వరసగా గుర్తున్నాయి.

"మస్తు అదృష్టం దీనిది," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. బోర్డు మీద అరచెయ్యి పెట్టి, "నా భయం గదేనక్కా. అసలుదాన్ని ఉత్తదనుకొని పారేస్తే, పారేసిందని గూడ మనకు తెల్వది," అంది.

ఆమె బస్సు ముందొచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. తోటికోడలు నాతో అన్న మంచిమాట ఒక్కటి గుర్తు చేసుకుందామని అక్కడే కూర్చుని ప్రయత్నించాను, ఒక్కటీ తట్టలేదు. ఇన్నేళ్లు ఒకే వాకిట్లో ఉన్నవాళ్లం, ఒక్కటైనా అనే ఉంటుంది.

ఆ బోర్డు మీద అసూయ ఇంకా పోలేదు. ఆ మాట కోసం వెతుకుతూనే ఉన్నాను.